రేవు పాట నుంచి కంట్రోల్ రూమ్ దాకా
1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక బందరు కాలువ మచిలీపట్నానికి ముఖ్యమైన పడవదారి అయింది. 1890లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన కాలువలు, రేవుల చట్టంతో సుంకాలకు, లైసెన్సులకు పద్ధతి ఏర్పడింది. దివిసీమ రేవులు వేలంపాటలో పాటదారు చేతికి వెళ్లేవి. పడవ బాగోగులూ అతనివే. నాగాయలంక దగ్గరి ఎదురుమొండి లంకకు చాలాకాలం పంటు పడవే దిక్కు.

విహార పడవల భద్రతకు ఖజానా తెరుచుకున్నది మాత్రం ప్రాణాలు పోయాకే. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద అనుమతిలేని పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు వద్ద విహార బోటు మునిగిన దుర్ఘటన జరిగింది. ఆ బోటును పైకి తీసే పనికే ప్రభుత్వం 22 లక్షల రూపాయలకు పైగా విలువైన కాంట్రాక్టు ఇచ్చింది. 2020 జూన్‌లో రాష్ట్రంలో 9 బోటింగ్ కంట్రోల్ రూమ్‌లు మొదలయ్యాయి. వాటిలో ఒకటి విజయవాడ బెరం పార్కుకు వచ్చింది; దివిసీమకు ఒక్కటీ రాలేదు.