బాగారెడ్డి ఏడు గెలుపులు, మన తండాల ఓటు

జహీరాబాద్ బస్టాండులో కాసేపు నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడతో పాటు మన గోర్‌బోలి కూడా వినబడుతుంది. దీనికి కారణం చరిత్రలో ఉంది. 1956 నవంబరు 1 వరకు ఈ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. భాషను బట్టి రాష్ట్రాలను ఏర్పరచినప్పుడు జహీరాబాద్ తాలూకాలో ఎక్కువ భాగం, నారాయణఖేడ్ మెదక్ జిల్లాలో కలిశాయి. బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. ఆ గీత గీసినప్పుడు గోర్‌బోలిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మనం ఇటు మిగిలాం, మన ఆడబిడ్డల తండాలు అటు మిగిలాయి.

మరుసటి ఏడే, 1957లో, ఎన్నికలు వచ్చాయి. మల్‌చెల్మకు చెందిన మొగలిగుండ్ల బాగారెడ్డి కాంగ్రెస్ తరఫున జహీరాబాద్ నుంచి గెలిచారు. 1962, 1967, 1972, 1978, 1983, 1985లలోనూ ఆయనే గెలిచారు. ఎన్టీఆర్ గాలి వీచిన రెండు ఎన్నికల్లో కూడా ఈ సీటు ఆయన చేతిలోనే ఉంది. మంత్రిగా, శాసనసభలో ప్రతిపక్ష నాయకుడిగా పనిచేశారు. 1989 నుంచి వరుసగా నాలుగుసార్లు మెదక్ ఎంపీ అయ్యారు. 2004లో కన్నుమూశారు. పట్టణంలోని స్టేడియానికి నేటికీ ఆయన పేరే ఉంది.

ఇప్పుడు ఈ తేదీల పక్కన మన తేదీలు పెట్టి చూద్దాం. ఆయన మొదటి నాలుగుసార్లు గెలిచిన కాలంలో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో లేరు. ఆంధ్ర ప్రాంతంలోని మనవాళ్లు మాత్రం ఉన్నారు. 1976 సవరణ చట్టం ఈ తేడాను తీసేసింది, అది 1977లో అమలుకు వచ్చింది. అంటే 1978 ఎన్నిక ఇక్కడి మనవాళ్లు ఎస్టీలుగా ఓటేసిన తొలి అసెంబ్లీ ఎన్నిక. సరిహద్దు అవతల కథ వేరు. ఒకే గోత్రం, ఒకే సేవాలాల్ పూజ అయినా కర్ణాటకలో లంబాణీలు ఎస్సీలు, మహారాష్ట్రలో బంజారాలు విముక్త జాతి. ఒక రాష్ట్రం ఇచ్చిన గుర్తింపు మరో రాష్ట్రంలో చెల్లదు.

ఎస్టీ గుర్తింపు వచ్చినా తండాకు సొంత పంచాయతీ రాలేదు. నాయక్, కార్‌భారి తండా తగాదాలు తీర్చేవారు గానీ, బోరు కావాలన్నా, బడి కావాలన్నా పెద్ద ఊరి సర్పంచి గడప తొక్కాల్సి వచ్చేది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో రాష్ట్రంలో వేయికి పైగా తండాలు, గూడేలు గ్రామ పంచాయతీలయ్యాయి. 2019 జనవరిలో తొలి ఎన్నికలు జరిగాయి. బాగారెడ్డి తొలి గెలుపుకూ, తండా తన సర్పంచిని తాను ఎన్నుకోవడానికీ మధ్య అరవై ఏళ్లు దాటిపోయాయి.

ఈ ఆలస్యాన్ని ఒక్క మనిషి మీద వేయడం మా ఉద్దేశం కాదు. అన్ని ఎన్నికలు గెలవాలంటే జనంతో విడవని సంబంధం ఉండాలి, అది ఆయన దగ్గర నేర్చుకోవాల్సిందే. అయితే ఓటు వేయడం ఒకటి, ఓటుకు ముందు అడగాల్సింది రాసి పెట్టుకోవడం మరొకటి. మన పెద్దలు మొదటిది ఎన్నడూ మానలేదు. రెండోదానికి వారికి చదువు అందలేదు.

మనకు అందింది. ఉపాధ్యాయులు తండా పిల్లలతో ఒక నోటుబుక్కు పెట్టించాలి. బడి ఎప్పుడు వచ్చింది, బాట ఎప్పుడు పడింది, ఎవరు అడిగితే వచ్చింది అని తాతను, నానమ్మను అడిగి రాయించాలి. నాయకుల చరిత్ర ఎవరో ఒకరు రాస్తారు, తండా చరిత్రను మాత్రం మనమే రాసుకోవాలి.