పడవలో మొదలైన వేల్స్ యాత్ర

వేల్స్ చూడబోయేవాళ్లకు ఇవాళ టూర్ కంపెనీలు చూపించే సరుకు ఇంచుమించు ఒకటే. పదహారు సీట్ల మినీబస్సు, డ్రైవరూ గైడూ ఒకరే, రాత్రికి ఏదో చిన్న ఊళ్లో బస, దారిలో రెండు మూడు కోటలు, ఒక పాడుబడ్డ మఠం, ఒక కొండ, పొగ కక్కే బుల్లి రైలు. ‘చిన్న బృందం’ అన్న మాటను కొత్త ఫ్యాషన్‌లా ప్రచారం చేస్తారు గాని, అది పెద్ద బృందం కన్నా వందేళ్లు పాతది. పైగా అది పుట్టింది రోడ్డు మీద కాదు, ఏటి మీద.

1745లో జాన్ ఎజర్టన్ అనే మతగురువు వేల్స్ సరిహద్దుకు ఇవతల, ఇంగ్లండులోని రాస్ పట్టణం చర్చికి వచ్చాడు. ఊరిని ఒరుసుకుంటూ పారే వై నది అందం ఇంటికొచ్చిన అతిథులకు చూపించాలని పడవ కట్టించాడు. ఆయన సరదా కొన్నేళ్లకు ఊరివాళ్ల వ్యాపారమైంది. రాస్‌లో పడవెక్కడం, గుడ్‌రిచ్ కోట దగ్గర దిగి చూడటం, మన్మత్‌లో రాత్రి పడుకోవడం, మర్నాడు టింటర్న్ మఠం మీదుగా చెప్‌స్టో చేరడం: రెండు రోజుల కార్యక్రమం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తినాలో ముందే ఖాయం.

ఈ ప్రయాణాన్ని దేశమంతటికీ తెలిసేలా చేసినవాడు విలియం గిల్పిన్. ఆయనా మతగురువే. 1770లో పైకప్పున్న పడవలో, ముగ్గురు పడవవాళ్లతో బయలుదేరాడు. దిగువకు పోవడానికి అంతమంది అక్కర్లేదట, ఏటికి ఎదురు పడవను వెనక్కి తేవడమే కష్టమట. 1782లో అచ్చయిన ఆయన పుస్తకం ఆ దారికి గైడ్‌బుక్కే అయిపోయింది. ప్రకృతిని బొమ్మ గీయడానికి పనికొస్తుందా లేదా అన్న లెక్కలో చూడాలన్నది ఆయన సిద్ధాంతం. 1131లో స్థాపించి, 1536లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మూయించిన టింటర్న్ మఠం శిథిలాల్లోనూ ఆయనకు లోపం కనిపించింది. గోడల కొసలు మరీ తిన్నగా ఉన్నాయట, సుత్తి పట్టుకుని ఒడుపుగా నాలుగు దెబ్బలేస్తే బాగుపడతాయట! ఆయన్ను చదివినవాళ్లు రంగు పూసిన చిన్న అద్దం వెంట తెచ్చుకుని, కొండకు వీపు పెట్టి, అద్దంలో కొండను చూసి మురిసిపోయేవారు.

గిల్పిన్ పుస్తకంలో నన్ను పట్టి ఆపేది ఆ సుత్తి కాదు. మఠం శిథిలాల్లో అప్పుడు నిరుపేదలు గుడిసెలు వేసుకుని ఉండేవారు. వచ్చినవాళ్లకు ఏదో ఒకటి చూపించి నాలుగు డబ్బులు అడిగేవారు. రెండు కర్రల ఊతంతో నడవలేక నడుస్తున్న ఒకామె సన్యాసుల గ్రంథాలయం చూపిస్తానని గిల్పిన్‌ను వెంటబెట్టుకుని వెళ్లింది. ముళ్లపొదలు దాటించి, కూలిన వసారా ఒకటి చూపించి ఇదేనంది. తీరా చూస్తే అది ఆమె కాపురముంటున్న చోటు. ఆ తడి గోడల మధ్య ఆమె ఎలా బతికి ఉందా అని గిల్పిన్ నివ్వెరపోయాడు. వేల్స్ గైడుల చరిత్ర రాసేవాళ్లెవరైనా పేరు తెలియని ఆమెతోనే మొదలుపెట్టాలి.

1793లో ఫ్రాన్సుతో యుద్ధం వచ్చి, ఇటలీ దాకా తిరిగే ఇంగ్లీషు దొరబిడ్డలకు యూరప్ దారి మూసుకుపోయింది. వాళ్లంతా వేల్స్ మీద పడ్డారు. చిత్రకారుడు టర్నర్ బొమ్మలు గీశాడు. కవి వర్డ్స్‌వర్త్ 1798లో టింటర్న్ పేరు కవిత్వానికెక్కించాడు. ఉత్తర వేల్స్‌కు వెళ్లేవాళ్ల చేతిలో థామస్ పెన్నంట్ యాత్రాగ్రంథం ఉండేది. మిగతావాళ్లలా కాక ఈయన వేల్స్ వాడే.

జనం వస్తున్నారంటే వాళ్లకు చూపించడానికేదో ఉండాలి కదా. స్నోడన్ కొండ దాపున బెద్‌గెలర్ట్ అనే ఊళ్లో ఆ రోజుల్లోనే ఒక కుక్క సమాధి వెలిసింది. దాని వెనక కథ ఇదీ. లవెలిన్ అనే వేల్స్ రాజు వేట నుంచి వచ్చేసరికి ఊయల బోర్లాపడి ఉంది, కుక్క మూతికి నెత్తురు. బిడ్డను చంపిందనుకుని దాన్ని పొడిచేశాడు. తర్వాత చూస్తే బిడ్డ క్షేమం, పక్కన చచ్చిన తోడేలు. మన పంచతంత్రంలో బ్రాహ్మణుడి ఇంటి ముంగిస కథే ఇది. పహ్లవీ, అరబ్బీ, లాటిన్ భాషల మీదుగా పడమటికి నడిచి, ముంగిస కుక్కయింది, పాము తోడేలయింది. ఆ సమాధి కట్టించింది ఊళ్లోని హోటలు యజమాని డేవిడ్ ప్రిచర్డ్ అని చెబుతారు. బేరం పెరగడానికే. అది తెలిసీ గైడు చెబుతుంటే కళ్లు తుడుచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కథ గట్టిది మరి.

చిన్న బృందాన్ని పెద్దది చేసినవాడు థామస్ కుక్. 1845 వేసవిలో లెస్టర్ నుంచి లివర్‌పూల్‌కు రైలు యాత్ర పెట్టి, కావాలన్నవాళ్లను అక్కణ్నుంచి స్టీమరులో కైర్నార్వన్‌కు, స్నోడన్‌కు తీసుకెళ్లాడు. ముందుగా తానే వెళ్లి దారీ వసతులూ చూసుకుని, యాత్రికులకు చిన్న పుస్తకం అచ్చువేయించాడు. ఆయన లాభం కోసం నడిపిన మొదటి యాత్ర ఇదే. 1896లో స్నోడన్ కొండకు పళ్ల పట్టాల మీద రైలు కూడా వేశారు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న లారీల మీద బల్లలు బిగించి జనాన్ని తిప్పారు, తర్వాత పెద్ద బస్సులు వచ్చాయి.

మళ్లీ చిన్న బండికి రావడంలో సౌందర్యదృష్టి ఎంతో గాని, రోడ్డు లెక్క మాత్రం ఉంది. వేల్స్ లోపలి దారులు చాలావరకు రాతిగోడల మధ్య ఒక్క బండి పట్టేవే. ఎదురుగా ఇంకొకటొస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. బ్రిటన్ లైసెన్సు నిబంధనల్లో ప్రయాణికుల సీట్లు పదహారు దాటితే పెద్ద బస్సు లైసెన్సు కావాలి. ‘పదహారు మందే’ అన్న ప్రకటన వెనక ఇదీ ఒక కారణం.

బండి మారినా చూపించేవి పెద్దగా మారలేదు, అక్కడే నాకు పేచీ. 1986లో యునెస్కో జాబితాకెక్కిన కాన్వీ, కైర్నార్వన్, హార్లెక్, బ్యుమారిస్ కోటలు ప్రతి టూరులోనూ కనిపిస్తాయి. ఇవన్నీ ఇంగ్లండు రాజు ఒకటో ఎడ్వర్డు 1283 నుంచి వేల్స్‌ను అణచి ఉంచడానికి కట్టించినవి. కైర్నార్వన్ కోటను తమ బానిసత్వానికి గుర్తుగా పెన్నంట్ ఆనాడే చెప్పాడు. కొండ రైలు బయలుదేరే లాన్‌బెరిస్‌లో, స్టేషన్‌కు కొద్ది నిమిషాల నడకలో, డోల్‌బాడర్న్ అనే గుండ్రటి రాతి బురుజు ఉంది. పదమూడో శతాబ్దంలో దాన్ని కట్టించింది ఆ కుక్క కథలోని లవెలిన్ రాజే. ఉత్తుత్తి సమాధి దగ్గర జనం, ఆ రాజు నిజంగా కట్టించిన కోట దగ్గర ఎవరూ ఉండరు. టర్నర్ బొమ్మ గీసిన చోటది. టిక్కెట్టు కూడా లేదు.

మీ పిల్లలు లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉండి, చూడటానికి వెళ్లినప్పుడు మిమ్మల్ని ఈ మినీబస్సు ఎక్కిస్తే, లాన్‌బెరిస్‌లో డోల్‌బాడర్న్ దగ్గర అరగంట ఆపమని గైడును అడగండి. పదహారు మందే కాబట్టి ఆపుతారు.