కదలని పురుగు - కండరముల కథ

చేయి ఎత్తుట, అన్నము మ్రింగుట, గుండె కొట్టుకొనుట - ఇవన్నియు కండరముల పనులే. కండరములోని పోగులు ఏ కట్టడి ననుసరించి ఒద్దికగా అమరుచున్నవి? ఒక్క జన్యువు చెడినచో ఆ అమరిక ఏమగును? పెద్ద జంతువులలో దీనిని పరిశోధించుట కష్టము. కండరము లన్నియు చెడిన జంతువు బ్రతుకనే బ్రతుకదు.

ఈ చిక్కును విడదీసినది మట్టిలో నివసించు ఒక నులిపురుగు. దాని శాస్త్రీయ నామము సీనోరాబ్డైటిస్ ఎలిగన్స్. పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. దేహము గాజువలె పారదర్శకము. దక్షిణాఫ్రికాలో జన్మించి, ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పనిచేసిన సిడ్నీ బ్రెన్నర్ 1963లో ఇట్టి పురుగును పరిశోధనకు ప్రతిపాదించెను. రసాయనముచే జన్యువులలో మార్పులు కలిగించి, సంతతిలో వింతగా కదలువానిని ఏరి, 1974లో ఫలితములను ప్రకటించెను. చెడినచో చలనము మారునట్టి జన్యువులు 77 అని తేలినది.

అం దొకటి 'అంక్-54'. పొందికలేని కదలిక అను అర్థముగల ఆంగ్లపదమునుండి ఈ పేరు వచ్చినది. ఇది చెడిన పురుగు దాదాపు కదలలేదు. హెన్రీ ఎప్‌స్టైన్, రాబర్ట్ వాటర్‌స్టన్, బ్రెన్నర్ అదే సంవత్సరమున కారణమును చూపిరి. దళసరి పోగులు, సన్నని పోగులు ఒకదానిప్రక్క నొకటి జారుటచేతనే కండరము ముడుచుకొనును. దళసరి పోగునకు ముడిసరకు మయోసిన్ అను మాంసకృత్తు. వారు పరీక్షించిన పురుగులలో మయోసిన్ గొలుసు మామూలుకన్న పొట్టిగా నుండెను. ఇటుకలు కురచయైనచో గోడ వరుస తప్పును గదా! అట్లే దేహపు గోడలోని కండరములలో పోగుల అమరిక చెదరినది.

మరి ఆ పురుగు చావలేదేమి? గ్రసనిలోని కండరములకు మయోసిన్ జన్యువులు వేరు. అందుచే దేహము చచ్చుపడినను బాక్టీరియాను మ్రింగుట ఆగదు. పైగా ఈ జాతిలో అత్యధికము ద్విలింగ జీవులు. జతను వెదకి పోకయే సంతానము పొందును. గ్రుడ్లు పెట్టు శక్తి లేకున్నచో, పిల్లలు తల్లి దేహములోనే గ్రుడ్డునుండి వెలువడును.

పిదప మరికొన్ని జన్యువుల పనియు తెలిసినది. 'అంక్-15' దళసరి పోగు నడిమి భాగమున నుండు పారామయోసిన్‌ను నిర్మించును. 'అంక్-22' ట్విచిన్ అను మిక్కిలి పెద్ద మాంసకృత్తును నిర్మించును. అది లోపించిన పురుగు దేహము అదురుచునే యుండును.

ఈ విషయము పురుగులతో ముగియలేదు. గుండె గోడలు దళసరియగు ఒక వంశానుగత వ్యాధికి మయోసిన్ జన్యువులోని మార్పు కారణము కాగలదని 1990లో తేలినది. అట్టి కుటుంబములలో వ్యాధి ఎవరికి సంక్రమించెనో ముందుగా గుర్తించుటకు నేడు జన్యుపరీక్ష తోడ్పడుచున్నది.