మాధవాయపాలెం తెలుపు

నరసాపురం నుంచి నేరుగా గోదారి దాటి సఖినేటిపల్లి వెళ్లాలంటే మాధవాయపాలెం రేవులో పంటెక్కాలి. సముద్రం దగ్గరపడ్డాక గోదారి నెమ్మదించే చోటది. ఒకప్పుడు ఈ ఊరికొక గుడ్డ ఉండేది. తెల్లగా, మెత్తగా, నీళ్లలా జారే నూలు గుడ్డ. తెల్లవాళ్లకు నోరు తిరగక ఊరి పేరే గుడ్డకు పెట్టి 'మడపొల్లం' అన్నారు.

17వ శతాబ్దంలోనే ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కోఠీ పెట్టింది. బయానా పుచ్చుకున్న సాలెలు వీధి పొడుగునా పడుగులు చాచి గంజి పట్టించేవారు. మాధవాయపాలేనిది తెలుపైతే, దక్షిణాన బందరుది రంగు. అక్కడి అద్దకపువాళ్లు గుడ్డను కరక్కాయ నీళ్లలో నానబెట్టి, ఇనుమూ బెల్లమూ మురగబెట్టి నలుపు తీసి, చిరివేరుతో ఎరుపు తెచ్చేవారు. ఎన్ని ఉతుకులకూ వెలవని ఎరుపు అది. పట్టుకన్నా చవక, ఉన్నికన్నా తేలిక. లండన్ ఆడవాళ్లు ఆ చీటిగుడ్డల మీద మనసు పారేసుకున్నారు.

ఆ మోజే ముప్పు తెచ్చింది. తమ మగ్గాలు మూలపడతాయని అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్లు గోల పెట్టారు. 1700లో ఇంగ్లండు పార్లమెంటు మన అద్దకపు గుడ్డల వాడకాన్ని నిషేధించింది. తెల్లగుడ్డను మాత్రం రానిచ్చింది. అలా ముందు రంగు పోయింది. తెల్లగుడ్డ తెప్పించుకుని లండన్‌లోనే అద్దకాలు వేయసాగారు. నేతగాళ్లకు అదీ గిట్టలేదు. 1719లో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్లు వీధుల్లో చీటిగుడ్డ కట్టిన ఆడవాళ్ల గౌన్లు చించారు, సిరా చల్లారు. 1721లో మరో చట్టం వచ్చింది. అద్దకపు నూలు గుడ్డ కట్టుకుంటే ఐదు పౌన్లు, అమ్మితే ఇరవై పౌన్లు జరిమానా. పరాయి సరుకును ఆపడానికి కట్టిన గోడ ముందుగా సొంత ఊరి ఆడవాళ్ల ఒంటిమీద పడింది.

ఆ గోడ చాటున ఇంగ్లండు పని నేర్చుకుంది. అద్దకం నేర్చింది, నూలు వడికే యంత్రాలు కట్టింది. తమ నూలుగుడ్డ తామే నేయగలమనుకున్నాక, 1774లో సొంత గుడ్డకు నిషేధం ఎత్తేసింది. అంతా గోడ ఘనతే అనలేం. నూలు వడికే క్రాంప్టన్ యంత్రం పుట్టకుంటే వట్టి గోడ ఏం చేయగలదు? కానీ తప్పటడుగులు వేసే నాళ్లలో పడిపోకుండా గోడ ఆసరా ఇచ్చింది. నడక వచ్చాక కూడా అది కూలలేదు. 19వ శతాబ్దం తొలినాళ్లలో మన నూలుగుడ్డ మీద నూటికి డెబ్బై, ఎనభై వంతున సుంకం పడేదని చరిత్రకారుడు హెచ్. హెచ్. విల్సన్ రాశాడు.

ఇక్కడి రేవులకు మాత్రం గోడ లేదు, గోడ కట్టుకునే హక్కూ లేదు. ఈ రేవులున్న ఉత్తర సర్కారులు అప్పటికే కంపెనీ చేతిలో ఉన్నాయి. 1840 నాటికి ఇంగ్లీషు నూలుగుడ్డ నూటికి మూడున్నర సుంకంతో ఇక్కడ దిగేది. మనది అక్కడికి వెళ్తే పది కట్టాలి. మిల్లుగుడ్డ చవక, కొన్నవాడికి లాభమే. కాదనలేం. కానీ సాలెవాడూ కొనేవాడే కదా. మగ్గం ఆగిన ఇంట్లో చవక గుడ్డ కొనడానికైనా కాసు ఏది?

1833 చార్టర్ చట్టంతో కంపెనీ వర్తకం మానుకుంది. ఇక బయానాలిచ్చే కోఠీలు లేకుండా పోయాయి. ఆ ఏటే గుంటూరు సీమను కరువు కమ్మేసింది. అడిగేవాడు లేని గుడ్డతో, కొనలేని గింజతో నేతపల్లెలు ఎలా వేగాయో తలచుకుంటేనే గుండె చెరువవుతుంది. మగ్గం పూర్తిగా చచ్చిపోలేదు. కొందరు మిల్లు నూలు తెచ్చుకుని ముతకవి నేసి బతికారు. వడికే చేతులకు ఆ దారి కూడా లేకపోయింది.

సుంకం మంచిదా, చెడ్డదా అని పండితులు నేటికీ వాదించుకుంటున్నారు. ఈ రేవుకు వేరే ప్రశ్న తెలుసు: ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అని చెప్పే నోరు ఎవరిది?

తర్వాత ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు మెత్తటి తెల్లగుడ్డ నేసి దేశదేశాలకూ అమ్మాయి. దాని పేరు మడపొల్లం. నేత పోయింది, నేతగాళ్లు పోయారు, పేరు మాత్రం సముద్రం దాటింది. దానికి ఏ రేవులోనూ ఎవరూ సుంకం అడగలేదు.