రసౌత్ ఏ పొదది?

అత్తారు దుకాణంలో రసౌత్ అడిగితే నల్లటి ముద్ద ఒకటి చేతిలో పెడతారు. హిమాలయాల్లో పసుపు పూలు పూసే ముళ్లపొద దారుహల్ద్. దాని వేరునీ కాండాన్నీ కాచి చిక్కబరిస్తే వచ్చేదే ఇది. కళ్ల జబ్బులకు పాత దవా.

మొదటి సదీలోనే గ్రీకు హకీమ్ డయాస్కోరిడీస్ 'లైకియోన్' అనే దవా గురించి రాస్తూ, హింద్ నుంచి వచ్చేదే మేలన్నాడు. అది ఏ మొక్కదో యూరప్‌లో చాలాకాలం తేలలేదు. సహారన్‌పూర్ బాగ్‌ను చూసుకున్న అంగ్రేజీ డాక్టర్ జాన్ ఫోర్బ్స్ రాయిల్, అది రసౌతేనని 1830లలో చెప్పాడు. పేరు ఆయనకొచ్చింది. నన్నడిగితే ఆ హక్కులో సగం మన హకీములది. యూనానీ కితాబుల్లో రసౌత్‌కు 'హుజజ్-ఎ-హిందీ' అనే పేరుంది. హుజజ్ అంటే ఆ లైకియోనే మరి!

పొదను పోల్చుకోవడమే ముష్కిల్. ఈ ఖాందాన్‌లో చాలావాటికి మూడు కొనల ముళ్లు, గీరితే పసుపుచెక్క. బెర్బెరిస్ ఏషియాటికా ఆకు దళసరి, అడుగున తెలుపు. రాయిల్ పేరుపెట్టిన బెర్బెరిస్ లైసియం ఆకు సన్నం. దక్షిణాదిలో మానుపసుపు పేరుతో అమ్మేది చాలాసార్లు కోసినియం. అది పొదే కాదు, వేరే ఖాందాన్ తీగ. అందులోనూ బెర్బెరిన్ ఉంది కాబట్టి, కోసిచూస్తే అంతే పసుపు.