ఇసుక ఈగలో కనిపించినది ఎవరి పరాన్నజీవి?

కాలా అజార్ ఇసుక ఈగ కాటు వల్ల వ్యాపిస్తుందని మేము చదువుకున్న పాఠ్యపుస్తకాలలో ఒకే ఒక వాక్యం ఉండేది. పరీక్షకు ఆ వాక్యం చాలు. అయితే అది రుజువు కావడానికి మన దేశంలో దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఆ కాలయాపనకు కారణం సోమరితనం కాదు. ఈగ కడుపులో ఒక సూక్ష్మజీవి కనిపించడం వేరు, అదే మనిషికి జబ్బు తెచ్చిందని చెప్పడం వేరు.

ఈ కథ ఆరంభంలోనే ఒక పొరపాటు ఉంది. కలకత్తా సమీపంలోని డమ్‌డమ్‌లో పనిచేసి, జ్వరంతో క్షీణించి, 1900లో ఇంగ్లండులోని నెట్లీ సైనిక ఆసుపత్రిలో మరణించిన ఒక సిపాయి ప్లీహంలో విలియం లీష్మన్ చిన్న గుండ్రని కణాలను చూశారు. అవి శిథిలమైన ట్రిపనోసోమ్‌లు కావచ్చునని భావించి 1903లో ప్రచురించారు. ట్రిపనోసోమ్ అంటే రక్తంలో ఈదులాడే, కొరడా వంటి తోక గల ఏకకణజీవి. ఆఫ్రికా అతినిద్ర వ్యాధికి కారణమైనది ఆ కుటుంబమే. అదే సంవత్సరం మద్రాసులో చార్లెస్ డోనొవాన్ కూడా రోగుల ప్లీహంలో అవే కణాలను చూశారు. ఇది ట్రిపనోసోమ్ కాదు, కొత్త జీవి అని గుర్తించి రోనాల్డ్ రాస్ దానికి లీష్మానియా డోనొవాని అని పేరు పెట్టారు. లీష్మన్ ఊహ పూర్తిగా దారి తప్పినది కాదు. రెండూ దగ్గరి బంధువులే.

1904లో లియొనార్డ్ రోజర్స్ రోగి ప్లీహపు రక్తాన్ని శరీరోష్ణం కంటే చల్లని చోట ఉంచగా, ఆ గుండ్రని కణాలు తోకలు మొలిచి ఈదసాగాయి. అంటే ఈ జీవి ఏదో ఒక కీటకంలో కొంత జీవితం గడుపుతున్నదన్నమాట. ఏ కీటకంలో? మొదట అనుమానం నల్లి మీద పడింది. మద్రాసులో పాటన్ నల్లుల కడుపులో పరాన్నజీవి తోక మొలవడం చూపించడంతో ఆ అనుమానం చాలా ఏళ్లు నిలిచింది. పేదవాడి మంచంలో నల్లి ఎప్పుడూ ఉంటుంది. నేరం మోపడానికి అంతకంటె సులభమైన ముద్దాయి ఎవరు?

1920ల నడుమ సింటన్ పటాలు పరిశీలించి, వ్యాధి ఉన్న ప్రాంతాలూ ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్ అనే ఇసుక ఈగ ఉన్న ప్రాంతాలూ కలుస్తున్నాయని గమనించారు. 1924లో కలకత్తాలో నోల్స్, నేపియర్, స్మిత్ రోగుల రక్తం తాగించిన ఈ ఈగలలో కశాభజీవులు పెరగడం చూశారు. అయినా సందేహం తీరలేదు. ఇసుక ఈగ మనిషినే కాదు, పశువులనూ కుడుతుంది; దాని బంధుజాతులు బల్లుల రక్తం కూడా తాగుతాయి. 1914లోనే మాకీ ఇసుక ఈగలలో ఒక కశాభజీవిని వర్ణించారు. 1931లో షార్ట్, స్వామినాథ్ దాని జీవితచక్రాన్ని పరిశీలించి, అది గోడమీది బల్లిలో ఉండే ట్రిపనోసోమ్ అని తేల్చారు. మనిషి వ్యాధితో దానికి సంబంధమే లేదు. సూక్ష్మదర్శిని కింద ఈగ పేగును చీల్చి చూసే పరిశోధకుడికి రెండూ తోక ఊపే సన్నని జీవులే. 1968లో కాలిఫోర్నియాలో ఆండర్సన్, అయాలా ఇసుక ఈగలలో చూసిన ట్రిపనోసోమ్ కప్పది. ఈగ కడుపులో దొరికినది ఏ జంతువుదో తేల్చకుండా ముందుకు పోరాదు.

కాటు ద్వారా వ్యాధి అంటుతుందని చూపడమే అన్నిటికంటె కష్టమైంది. అస్సాంలో ఏళ్ల తరబడి ప్రయోగాలు విఫలమయ్యాయి. ఆటంకం ఈగ ఆహారంలో ఉందని 1940 ప్రాంతంలో స్మిత్, హల్దర్, అహ్మద్ కనుగొన్నారు. ఒకసారి రక్తం తాగిన ఈగకు మళ్లీ రక్తం ఇవ్వకుండా ఎండుద్రాక్ష పెడితే, అది ఎక్కువ రోజులు బతుకుతుంది. పరాన్నజీవులు దాని గొంతు పూడేలా పెరుగుతాయి. ఎండుద్రాక్ష! ఆ కిటుకుతో 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మనుషులకు ఈగ కాటు ద్వారా వ్యాధి సోకడం నిరూపించారు. వారి పేర్లు మా పుస్తకాలలో ఎక్కడా కనిపించలేదు. నేటి వైద్య నీతి నియమాల ప్రకారం అటువంటి ప్రయోగానికి అంత సులభంగా అనుమతి దొరకదు, దొరకకపోవడమే సబబు.

ఇప్పుడు ఈగ పేగులోని జన్యుపదార్థాన్ని పీసీఆర్ పరీక్షతో చూసి అది లీష్మానియానా, బల్లి ట్రిపనోసోమా చెప్పవచ్చు. అదే ఈగ చివరగా ఎవరి రక్తం తాగిందో, మనిషిదా, ఆవుదా, అదీ తెలుస్తుంది. మధ్యధరా తీరంలో కుక్క ఈ పరాన్నజీవికి ఆశ్రయం. 1908లోనే ట్యూనిస్‌లో నికోల్ దానిని కుక్కలో చూపారు. మన దేశంలో మాత్రం ప్రధాన ఆశ్రయం మనిషే.

అందుకే ఒక విషయం పాఠకులు గుర్తుంచుకోవాలి. కాలా అజార్ నయమైన కొన్ని నెలలకో, ఏళ్లకో కొందరికి ముఖం మీద, చేతుల మీద పాలిపోయిన మచ్చలు, బొడిపెలు వస్తాయి. బ్రహ్మచారి 1922లోనే వీటిని వర్ణించారు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. చాలామంది కుష్ఠు అని పొరబడతారు, లేదా పట్టించుకోరు. ఆ చర్మంలో పరాన్నజీవులు ఉంటాయి, దానిని కుట్టిన ఇసుక ఈగకు అవి చేరతాయి. ఈ వ్యాధి ప్రధానంగా బీహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో ఉన్నది. అక్కడి నుంచి మన ఊళ్లకు పనికి వచ్చినవారిలో రెండు వారాలు దాటిన జ్వరం, ఉబ్బిన ప్లీహం, లేదా ఇటువంటి మచ్చలు కనిపిస్తే, స్వస్థలం ఏదో, గతంలో ఈ జ్వరం వచ్చిందో లేదో వైద్యుడు తప్పక అడగాలి. వేలి చివర నుంచి తీసిన రక్తపు చుక్కతో ఆర్‌కే39 అనే పరీక్షను నిమిషాలలో చేయవచ్చు. అయితే నయమైన తరువాత కూడా అది చాలాకాలం పాజిటివ్‌గానే ఉంటుంది కనుక, మచ్చల విషయంలో చర్మపు నమూనాను పరీక్షించాలి.