దిగుమతి అలమరల ఘాటుకు చట్టం కళ్లెం

కొత్త ఇంట్లో అడుగుపెట్టి వంటగది అలమర తలుపు తీయగానే ఘాటైన వాసన ముక్కుకు తగులుతుంది. కొత్త చెక్క వాసన అని చాలామంది మురిసిపోతారు. అయితే అది చెక్కపొట్టును అతికించిన జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ వాయువు కావచ్చు. దీని అదుపునకు అమెరికా నిర్దిష్ట పరిమితులు విధించింది. విదేశాల నుంచి ఓడల్లో దిగే అలమరలకూ అవి వర్తిస్తాయి. అక్కడ ఇళ్లు కొంటున్న, నిర్మాణ రంగంలో పనిచేస్తున్న తెలుగువారు తెలుసుకోదగిన వివరాలివి.

వాయువు ఎక్కడిది?

నేటి అలమరల్లో అధిక భాగం పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్, ప్లైవుడ్‌లతో తయారవుతున్నాయి. చెక్క తునకలను, పీచును, పలుచని పొరలను జిగురుతో కలిపి, వేడిచేసి, అదిమి ఈ బోర్డులను రూపొందిస్తారు. చౌకగా దొరికేది, త్వరగా గట్టిపడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. వేడికి, తేమకు ఇది కొద్దికొద్దిగా విడిపోతూ నెలలు, సంవత్సరాల తరబడి వాయువును వెలువరిస్తుంది. ముఖ్యంగా కప్పు వేయని అంచులు, కీలుల కోసం తొలిచిన రంధ్రాలు దీనికి మార్గాలవుతాయి.

ఈ వాయువు వల్ల కళ్లు, ముక్కు, గొంతు మండుతాయి. ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

కళ్లు తెరిపించిన కత్రినా

2005 ఆగస్టులో కత్రినా తుపానుకు ఇళ్లు కోల్పోయిన వేలాది కుటుంబాలకు అమెరికా ప్రభుత్వం ట్రైలర్ ఇళ్లు కేటాయించింది. కొద్దికాలానికే వాటిలో నివసిస్తున్నవారు తలనొప్పి, ముక్కు నుంచి రక్తం, ఊపిరి అందకపోవడం వంటి బాధలు చెప్పసాగారు. 2007 డిసెంబరు, 2008 జనవరి నెలల్లో వ్యాధుల నియంత్రణ కేంద్రం 519 ఇళ్లలో గాలిని పరీక్షించింది. పది లక్షల భాగాల గాలిలో సగటున 0.077 భాగం, ఒక ఇంట్లో గరిష్ఠంగా 0.59 భాగం ఫార్మాల్డిహైడ్ ఉన్నట్లు తేలింది. ఇరుకు గదులు, గాలి ఆడని గోడలు, చవక బోర్డులు కలిసి తెచ్చిన అనర్థమిది.

అప్పటికే కాలిఫోర్నియా వాయు వనరుల మండలి 2007లో బోర్డులపై పరిమితులను ఆమోదించి, 2009 నుంచి దశలవారీగా అమలులోకి తెచ్చింది. దేశమంతటికీ వర్తించే చట్టంపై 2010 జులై 7న అధ్యక్షుడు ఒబామా సంతకం చేశారు. పర్యావరణ పరిరక్షణ సంస్థ 2016 డిసెంబరులో తుది నిబంధనలు ప్రకటించగా, 2018 జూన్ 1 నుంచి అవి అమలులోకి వచ్చాయి.

పరిమితులు ఇవీ

పది లక్షల భాగాల గాలిలో ఉండదగిన గరిష్ఠ భాగాలు:

* గట్టి కలప ప్లైవుడ్: 0.05
* పార్టికల్ బోర్డు: 0.09
* ఎండీఎఫ్: 0.11
* పలుచని ఎండీఎఫ్: 0.13

ఇవి గదిలోని గాలికి సంబంధించిన అంకెలు కావు. బోర్డును 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 50 శాతం తేమ గల పరీక్షా గదిలో ఉంచి కొలిచేవి. బోర్డు తయారుచేసే మిల్లు ఎప్పటికప్పుడు స్వయంగా పరీక్షించుకోవాలి. గుర్తింపు పొందిన స్వతంత్ర ధ్రువీకరణ సంస్థ సైతం మూడు నెలలకోసారి పరీక్ష జరపాలి.

తయారైన అలమరను విడిగా ధ్రువీకరించే పద్ధతి ఈ చట్టంలో లేదు. అందులో వాడిన ప్రతి బోర్డూ ధ్రువీకరణ పొందినదై ఉండాలి. రంగులు, పై పొరలు వాయువును కొంతకాలం ఆపగలవు గనుక అలమర బయట వాసన లేకపోవడం దేనికీ రుజువు కాదు. కాలిఫోర్నియా అధికారులు పై పొర తొలగించి లోపలి బోర్డునే పరీక్షించే పద్ధతి అవలంబిస్తున్నారు.

బాధ్యత ఎవరిది?

నిర్మాణ సంస్థలు పొరబడుతున్నది ఇక్కడే. ధర కలిసి వస్తుందని విదేశీ కర్మాగారం నుంచి నేరుగా కంటెయినర్లు తెప్పించుకునే కాంట్రాక్టరు తాను కేవలం కొనుగోలుదారుననే భావిస్తాడు. చట్టం దృష్టిలో మాత్రం అతడు దిగుమతిదారు. దిగుమతి చేసుకోవడం తయారు చేయడంతో సమానమని విష పదార్థాల నియంత్రణ చట్టం చెబుతోంది. 2019 మార్చి 22 నుంచి ప్రతి దిగుమతికీ కస్టమ్స్ వద్ద ధ్రువీకరణ దాఖలు చేయడం తప్పనిసరి.

చైనా అలమరలపై 2020లో అమెరికా భారీ సుంకాలు విధించిన అనంతరం వియత్నాం, మలేసియా, థాయిలాండ్‌ల నుంచి సరఫరా పెరిగింది. బోర్డు ఒక దేశానిది, అలమర మరో దేశానిది, వ్యాపారి మూడో దేశంవాడు కావచ్చు. గొలుసు పొడవయ్యేకొద్దీ కాగితం తెగిపోయే ప్రమాదమూ పెరుగుతుంది.

ధ్రువీకరించిన బోర్డు కొని, దానిపై యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో కలప పొర అతికించే కర్మాగారాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2024 మార్చి 22 నుంచి అటువంటి కర్మాగారాన్ని ప్లైవుడ్ తయారీదారుగానే పరిగణించి ధ్రువీకరణ కోరుతున్నారు. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు గానీ, అదనంగా ఫార్మాల్డిహైడ్ కలపని జిగురు గానీ వాడితే, తగిన రికార్డులు ఉంచుకున్న పక్షంలో మినహాయింపు లభిస్తుంది.

అడగవలసిన పత్రాలు

సరుకు ఓడ ఎక్కకముందే ఈ క్రింది వాటిని తెప్పించుకోవాలి:

* బోర్డు తయారు చేసిన మిల్లు పేరు, తయారీ తేదీ, కొనుగోలు తేదీ తెలిపే రికార్డులు
* స్వతంత్ర ధ్రువీకరణ సంస్థ ఆ మిల్లుకు, ఆ రకం బోర్డుకు ఇచ్చిన ధ్రువపత్రం
* బోర్డులు చట్టానికి లోబడి ఉన్నాయని తెలిపే వాక్యం గల ఇన్వాయిస్ లేదా రవాణా పత్రం
* అలమరపై గానీ, పెట్టెపై గానీ తయారీదారు పేరు, తయారైన నెల, సంవత్సరం, ‘టీఎస్‌సీఏ టైటిల్ సిక్స్’కు అనుగుణమనే ప్రకటన గల లేబుల్

రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి. అధికారులు కోరితే 30 రోజుల్లో చూపించాలి. నిర్మాణ స్థలంలో అట్టపెట్టెలు విప్పి పారవేసేటప్పుడు వాటితోపాటు లేబుళ్లూ చెత్తలోకి పోతుంటాయి. విప్పకముందే ప్రతి పెట్టె లేబులును ఫొటో తీసి, ఏ ఫ్లాటుకు ఏ పెట్టె చేరిందో రాసుకోవడం మేలు.

‘ఇ-1’ గుర్తును చూసి సంతృప్తి చెందరాదు. అది ఐరోపా వర్గీకరణ. కొలిచే పద్ధతీ, పరిమితీ వేరు. అమెరికా ధ్రువీకరణకు అది ప్రత్యామ్నాయం కాజాలదు.

ఆలస్యమైతే నష్టం

రెండు వందల ఫ్లాట్ల సముదాయంలో అలమరలు బిగించి, రాతి పలకలు పరిచి, కుళాయిలు అమర్చాక పత్రాలు లేవని తేలితే అన్నిటినీ ఊడదీయవలసి రావచ్చు. ఒప్పంద దశలో నాలుగు కాగితాలు అడగడానికి పట్టేది కొన్ని రోజులే. అందుకే టెండరులోనే ఈ షరతు చేర్చాలి. నమూనా అలమరతోపాటు పత్రాలను కూడా పరిశీలించి ఆమోదించాలి.

ఇప్పటికే చేరిపోయిన ఇంట్లో ఘాటు అనిపిస్తే కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి. వేడి, తేమ తగ్గించాలి. తెరిచి ఉన్న బోర్డు అంచులకు పూత వేయించాలి.

మన దేశంలోనూ పార్టికల్ బోర్డుకు ఐఎస్ 3087, ఎండీఎఫ్‌కు ఐఎస్ 12406 ప్రమాణాలు ఉన్నాయి. హైదరాబాద్‌లోనైనా, విజయవాడలోనైనా మాడ్యులర్ కిచెన్ చేయించుకునేవారు రంగు, ధరలతోపాటు లోపలి బోర్డు ఏ మిల్లుది, ఏ జిగురుది, ఏ ప్రమాణానికి లోబడినదన్న సంగతి అడిగి, బిల్లుపై రాయించుకోవాలి. ఆ వంటగదిలో రోజూ గంటల తరబడి గాలి పీల్చేది ఇంటివారే.